లెక్కలూ డాన్సూ రెండూ ఉంచుకోండి, సాయంత్రాలు మాత్రం కొన్ని తగ్గించండి

ప్రశ్న: నాకు 36 ఏళ్ళండి. కృష్ణా జిల్లాలో జడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్ని. చిన్నప్పట్నుంచి కూచిపూడి నేర్చుకున్నాను. పగలు స్కూలు, సాయంత్రం వారంలో ఆరు రోజులూ మా డాబా మీద 18 మంది పిల్లలకి డాన్స్, ఫీజు తీసుకోను. రెండూ నాకు ప్రాణం. భిన్నాలు చెప్పేటప్పుడు పిల్లల చేత తాళం వేయిస్తాను, బాగా ఎక్కుతుంది. మా అత్తయ్యేమో లెక్కల టీచరమ్మకి గజ్జెలెందుకు అంటారు. మా ఆయన ఆ టైంలో టెన్త్ పిల్లలకి ట్యూషన్ చెప్తే నాలుగు డబ్బులొస్తాయి కదా అంటారు. ఏడో తరగతి చదివే మా పాప ఈ మధ్య నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. డాన్స్ వల్ల లెక్కలు బాగా వస్తాయని వీళ్ళందరికీ ఎలా నిరూపించాలి?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మొదటిసారి అత్తగారి మాట, మీ ఆయన మాట కనపడ్డాయి, రెండోసారి పాప గురించి మీరు రాసిన ఆ ఒక్క లైను దగ్గర ఆగిపోయాను. దాని దగ్గరికి వస్తాను.

ముందు మీరడిగింది. నిరూపించొద్దు. ఆ రెండిటికీ చుట్టరికం లేదని కాదు, ఉంది, అది మీకు నాకంటే బాగా తెలుసు. ఆది తాళం ఎనిమిది దెబ్బలు, దెబ్బకి నాలుగు మాత్రలు, అంటే నాలుగు చిన్న కాలం ముక్కలు, మొత్తం 32. పది మాత్రల జతి ముక్క, అదే తకధిమి లాంటి అడుగుల దరువు, మూడుసార్లు ఆడి, మధ్యలో రెండు చోట్ల ఒక్కో మాత్ర ఖాళీ వదిలితే సరిగ్గా 32 అయిపోయి కాలు మళ్ళీ సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద పడుతుంది, అది పడ్డప్పుడు పిల్ల మొహం చూడండి, సమీకరణం రెండు వైపులా సమానమైనప్పుడు బోర్డు దగ్గర నిలబడ్డ పిల్లాడి మొహమూ అచ్చం అలాగే ఉంటుంది. కంద పద్యం సంగతీ అంతే. అందులో ప్రతి గణానికీ నాలుగు మాత్రలే, వాటిని ఒక మాత్ర లఘువులూ రెండు మాత్రల గురువులతో ఎన్ని రకాలుగా నింపొచ్చు అంటే గగ, భ, జ, స, నల, అయిదే. మూడు మాత్రలకి మూడు, నాలుగుకి అయిదు, అయిదుకి ఎనిమిది, వెనకవి రెండూ కలిపితే ముందుది వస్తుంది, ఇది 12వ శతాబ్దంలోనే హేమచంద్రుడు చెప్పాడు, ఇప్పుడు అందరూ ఫిబోనాచి సంఖ్యలంటున్నవి అవే. ఇది మీ ఎనిమిదో తరగతి పిల్లలకి తప్పకుండా చెప్పండి, తెలుగు మాస్టారిని కూడా పిలవండి.

కానీ ఇంట్లో వాళ్ళ ముందు మాత్రం డాన్స్‌ని లెక్కలకి ఊతకర్రలా చూపించొద్దు. చూపిస్తే రేపు ఆ 18 మందిలో ఎవరికో లెక్కల్లో మార్కులు తగ్గగానే మరి ఎందుకీ గెంతులు అంటారు, అప్పుడు మీ దగ్గర జవాబుండదు. నాకిష్టం, నాకొచ్చు, నేర్పుతాను. ఆ మాట చాలు, గొంతు పెంచకుండా చెప్పండి.

మా అమ్మ పెళ్ళికి ముందు హార్మోనియం నేర్చుకుంది. పెళ్ళయ్యాక ఎవరూ మానెయ్యమనలేదు, టైం లేదు అంతే. ఆ పెట్టె అటక మీద ఉండేది, ఏటా దసరాకి దింపి తుడిచి, ఒక్క మెట్టు నొక్కి చూసి మళ్ళీ పైన పెట్టేసేది. అందుకే మీరు గజ్జెలు విప్పేయమని నేను అనలేను.

ట్యూషన్ సంగతి మీ ఆయనకి నెమ్మదిగా చెప్పండి, 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు. అదే సెక్షన్‌లో ప్రైవేటుగా బోధించడం కూడా అని ఉంది కాబట్టి, ఫీజు తీసుకోకపోయినా మీ డాబా క్లాసు గురించి హెడ్మాస్టర్ గారికి ఒక కాగితం రాసివ్వండి, వీలైతే వారంలో రెండు రోజులు స్కూల్లోనే పెట్టుకుంటానని అడగండి. ఇంట్లో గొడవా తగ్గుతుంది, మీకు భయమూ ఉండదు.

అత్తగారి మాట నాకు వేరేగా వినపడింది. మీ జిల్లాలోనే, ఆ కూచిపూడి ఊళ్ళోనే, ఒకప్పుడు ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవాళ్ళు, వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ ఎంత పేరో మీకు చెప్పక్కర్లేదు. మీ అత్తగారి చిన్నప్పుడు ఊళ్ళో ఆడపిల్ల గజ్జె కట్టడమంటే ఎవరేమంటారో అన్న భయం ఉండే ఉంటుంది. ఎప్పుడైనా కూచిపూడి భాగవతులు వచ్చినప్పుడు, ఆ సత్యభామ కథే, భామాకలాపం చూశారా అత్తయ్యా అని అడిగి చూడండి. చూసుంటే ఆవిడే చాలాసేపు మాట్లాడతారు, ఆ రోజు వాదించకుండా వినండి.

ఇప్పుడు పాప. 18 మంది పిల్లల అడుగులు దిద్దుతూ అమ్మ డాబా మీద ఉంటే, కింద గదిలో ఆ పిల్ల వారంలో ఆరు సాయంత్రాలు ఆ చప్పుడు వింటూ కూర్చుంటోంది. తనకి డాన్స్ మీద కోపం అనుకోను, అమ్మ మీద కూడా కాదేమో, అమ్మ అందరికీ దొరుకుతోంది తనకి తప్ప అన్న బాధ అది. ఆరు రోజుల్ని మూడు చెయ్యండి. చిన్న బ్యాచ్, పెద్ద బ్యాచ్ కలిపెయ్యండి, సీనియర్ పిల్లల చేత చిన్నవాళ్ళకి అడుగులు చెప్పించండి, వాళ్ళకీ మంచిదే. మిగిలిన సాయంత్రాల్లో పాపని కూర్చోబెట్టి లెక్కలు చెప్పొద్దు, అడుగులు నేర్పొద్దు, మీలాంటి ఉత్సాహం ఉన్న టీచర్లు ఇంట్లో కూడా టీచర్లుగానే ఉండిపోతారు, పిల్లకి కావాల్సింది అమ్మ.

ఈ ఆదివారం ఏం చేద్దామే అని తననే అడగండి. ఊరికే గోడకి ఆనుకుని కూర్చుని జామకాయ తిందాం అన్నా సరే, ఫోన్ లోపల పెట్టేసి కూర్చోండి.