జేఆర్‌ఎఫ్ చేతికొచ్చాకే రాజీనామా

ప్రశ్న: నా వయసు 32. సీఏ చేశాను. గుంటూరులో ఓ కంపెనీలో నెలకు రూ.62 వేల జీతం. మావారికి రూ.48 వేలు. ఇంటి ఖర్చు రూ.45 వేలు. పర్సనల్ లోన్ ఇంకా రూ.3.2 లక్షలుంది, ఈఎంఐ రూ.14 వేలు. ఉద్యోగం మానేసి అకౌంటింగ్‌లో పీహెచ్‌డీ చేయాలనుంది. ఖాళీ టైములో జీఎస్టీ రిటర్నులు వేసుకోవచ్చా?

జవాబు: సీఏను పీజీతో సమానంగా చూడొచ్చని యూజీసీ 2021లోనే చెప్పింది కాబట్టి నేరుగా కామర్స్‌లో నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాయండి. జేఆర్‌ఎఫ్‌కు (నెట్ ద్వారా ఎంపికైన పరిశోధకులకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వయోపరిమితి 30 అయినా మహిళలకు అయిదేళ్ల సడలింపు ఉంది.

జేఆర్‌ఎఫ్ అయితే మొదటి రెండేళ్లు నెలకు రూ.37 వేలు, తర్వాత రూ.42 వేలు. హాస్టల్ తీసుకోకపోతే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. ఇదంతా కాగితం మీద లెక్క. ప్రతి నెలా యూనివర్సిటీ వాళ్లు పోర్టల్‌లో కన్ఫర్మ్ చేస్తే గానీ డబ్బు పడదు. చేరిన కొత్తలో నెలల తరబడి ఏమీ రాక, ఆనక ఎరియర్స్ అన్నీ ఒకేసారి పడటం మామూలే. బ్యాంకు మాత్రం ఈఎంఐ తేదీకి కోసేసుకుంటుంది.

ఈ రోజే మానేస్తే మీవారి జీతానికి నెలకు రూ.11 వేలు తక్కువ పడుతుంది. లోన్ తీరితే అదే జీతంతో ఇల్లు గడుస్తుంది, కాస్త బిగపట్టుకుని. ఇప్పుడు మీ ఇద్దరికీ కలిపి నెలకు రూ.51 వేలు మిగలాలి (మిగలట్లేదంటే ఎక్కడికి పోతోందో ముందు చూడండి). ఆ డబ్బుతో లోన్ ముందే కట్టేసి, ఆరు నెలల ఖర్చుకు రూ.2.7 లక్షలు ఎఫ్‌డీలో వేయండి. రెండూ కలిపి ఏడాది పని. నెట్ ప్రిపరేషన్‌కూ దాదాపు అంతే పడుతుంది. రాజీనామాతో కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ పోతుంది, కాబట్టి సొంత పాలసీ ఈలోపే తీసుకోండి. పీఎఫ్ జోలికి వెళ్లొద్దు.

జీఎస్టీ పని వద్దు. ఫెలోషిప్ తీసుకుంటూ మరోచోట సంపాదించకూడదు. పని నేను చేసి బిల్లు మావారి పేరు మీద వేస్తే పోదా అని అడిగేవాళ్లుంటారు. సీఏ సభ్యత్వం ఉన్న మనిషి ఆ పని అసలు చేయకూడదు.

జేఆర్‌ఎఫ్ రాక, నెట్ స్కోరుతో సీటు మాత్రమే వస్తే ఉద్యోగం వదలకండి. కంపెనీ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇస్తే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేయొచ్చు. ఫెలోషిప్ ఉండదు గానీ జీతం ఆగదు. గడువు ఆరేళ్లు, మహిళలకు మరో రెండేళ్లు పొడిగింపు ఉంటుంది.

ఇంకో మాట. మీకు పరిశోధన మీద ఇష్టమా, పాఠం చెప్పడం మీదా అన్నది ఉత్తరంలో తేలలేదు. పాఠమే అయితే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 2023 నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, నెట్ చాలు. సీఏను పీజీగా ఒప్పుకుంటున్నారో లేదో మాత్రం నోటిఫికేషన్‌లో చూసుకోండి.