బ్యాటరీ తినేసే దాడుల మీద ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ మూడో ఏడు. వైర్‌లెస్ సెన్సర్ల బ్యాటరీని ఖాళీ చేసే దాడుల మీద ప్రాజెక్టు, ఆ తర్వాత అదే దారిలో ఎంటెక్ చేస్తానని పట్టుబడుతున్నాడు. మా పక్కింటి అమ్మాయి ఆరు నెలల ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేరింది. వీణ్ని కూడా అందులో చేర్చమంటారా? రెండింట్లో ఏది మేలు?
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదండీ. ప్రతిదాంట్లోనూ ఒక పక్కింటి పిల్ల ఉంటుంది. మీ భయం కోర్సు గురించి కాదు, అబ్బాయి వెనకబడిపోతాడేమోనని. మూడో ఏడులోనే ఫలానా సమస్య మీద పని చేస్తానని అడిగే పిల్లలు నాకు చాలా తక్కువమంది కనిపిస్తారు. ముందు ఆ బెంగ వదిలేయండి.

వాడు చెప్పేదేమిటో ఒకసారి వినండి. పొలంలో నేల తేమ కొలిచే చిన్న బోర్డు, దానికి రెండు పెన్సిల్ బ్యాటరీలు ఉన్నాయనుకోండి. టెలోస్‌బి లాంటి బోర్డులో రేడియో చెవులు రిక్కించి వింటూ ఉంటే సుమారు 20 మిల్లీయాంపులు లాగుతుంది, నిద్రపోతే మైక్రోయాంపులే. 2,500 మిల్లీయాంప్ అవర్ల బ్యాటరీ నూటికి ఒక వంతు సమయమే మేలుకుంటే ఏడాది దాటుతుంది, అసలు నిద్రపోనివ్వకపోతే ఐదు రోజులకే అయిపోతుంది. దాడి చేసేవాడు పాస్‌వర్డ్ జోలికే పోనక్కర్లేదు, ఊరికే సందేశాలు పంపుతూ తలుపు కొడుతూ ఉంటే చాలు. వచ్చింది దొంగ సందేశమో కాదో చూడటానికి కూడా ఛార్జి ఖర్చే! 1999లోనే ఫ్రాంక్ స్టజానో, రాస్ ఆండర్సన్ అనే కంప్యూటర్ భద్రతా పరిశోధకులు దీన్ని నిద్ర పోనివ్వని చిత్రహింస అన్నారు. పూర్తిగా మేలుకోకముందే దొంగని గుర్తుపట్టడం, ఒకే చోటి నుంచి అదే పనిగా తలుపు కొడుతుంటే కాసేపు చెవులు మూసుకోవడం, ఆ కాపలాకే బ్యాటరీ అయిపోకుండా చూసుకోవడం, ఇదీ మీవాడు చేస్తానంటున్న పని.

ఇక ఆరు నెలల కోర్సు. మంచివి లేవనను. కానీ నా దగ్గరకు సర్టిఫికెట్ పట్టుకుని వచ్చిన పిల్లల్ని రెండు కంప్యూటర్లు మాట మొదలుపెట్టేటప్పుడు ఏం జరుగుతుందని అడిగితే నేల చూపులు చూస్తున్నారు. హ్యాకింగ్ టూల్స్ అన్నీ ముందే పెట్టి ఇచ్చే కాలీ లైనక్స్‌లో టూల్ నడపడం నేర్పారు, అది లోపల ఏం చేస్తుందో నేర్పలేదు. ఫీజు మాత్రం ఘనంగానే కట్టారు. ప్రకటనలో ‘సైబర్’ అన్న మాట కనబడితే చాలు, మీలాంటి తల్లిదండ్రులు లెక్కలడగడం మానేస్తున్నారు. కూరగాయల దగ్గర అంత బేరం ఆడే మీరు, ఇక్కడెందుకండీ మొహమాటం?

అబ్బాయి దారిలోనూ లోపం ఉంది. ‘సెన్సర్ సెక్యూరిటీ’ అనే పేరుతో ఉద్యోగ ప్రకటనలు అరుదు. స్మార్ట్ మీటర్లు, వైద్య పరికరాలు, కార్ల ఎలక్ట్రానిక్స్ తయారుచేసే చోట ఎంబెడెడ్ ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రామ్) పేరుతో ఆ పని ఉంటుంది. దానికి సీ ప్రోగ్రామింగ్ భాష గట్టిగా రావాలి. బోర్డు లేకుండానే సెన్సర్ల పనితీరును కంప్యూటర్లో చూపించే కూజా సిమ్యులేటర్ ఉచితమే, అక్కడ మొదలుపెట్టమనండి. కానీ గ్రాఫులతో ఆగిపోతే ఇంటర్వ్యూలో నిలబడడు, నిజం బోర్డు మీద కరెంటు కొలిచి చూపించాలి. ఎంటెక్ సంగతి ఆ తర్వాత చూద్దాం.

వాడు రెండు బోర్డులకూ, ఒక మల్టీమీటరుకూ డబ్బులు అడుగుతాడు. కోర్సు ఫీజుకు తీసిపెట్టిన దాంట్లోంచి ఇవ్వండి. బయట రెడీమేడ్‌గా ప్రాజెక్టు కొనుక్కొస్తానంటే మాత్రం పైసా ఇవ్వకండి.