షుగర్ లేని మా నాన్నగారికి షుగర్ మాత్ర ఎందుకు రాశారు?

మధుమేహం లేని మీ నాన్నగారికి గుండె డాక్టరు డపాగ్లిఫ్లోజిన్ రాశారు, పొరపాటేమోనని మీ భయం. పొరపాటు కాదు. గుండె వైఫల్యానికి, అంటే గుండె ఒంటికి కావలసినంత రక్తాన్ని అందించలేని స్థితికి, ఇప్పుడు వాడే ప్రధానమైన మందుల్లో అదొకటి.

2019లో వెలువడిన డాపా-హెచ్‌ఎఫ్ పరిశోధనలో, గుండె పంపింగ్ (ఒక్కో స్పందనలో గుండె గదిలోని రక్తంలో ఎంత భాగం బయటికి వెళ్తుందన్న లెక్క) 40 శాతం లేదా అంతకంటే తక్కువ ఉన్న 4,744 మందిని పరీక్షించారు. వారిలో సగానికి పైగా మధుమేహం లేనివారే. సుమారు ఏడాదిన్నరలో, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 21.2 శాతం మందికి గుండె వైఫల్యం ముదరడమో, గుండె జబ్బుతో మరణమో సంభవించింది. అసలు మాత్ర వేసుకున్నవారిలో అది 16.3 శాతం. మధుమేహం ఉన్నా లేకున్నా మేలు దాదాపు ఒకేలా కనిపించడం నా దృష్టిలో అన్నిటికంటే గొప్ప విషయం. పంపింగ్ 40 శాతం దాటినవారికి అంతకుముందు చెప్పుకోదగ్గ మందే లేదు. వారిని ఆసుపత్రిలో చేర్చాల్సిన అవసరాన్ని ఇదే కోవకు చెందిన ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మందు తగ్గిస్తుందని 2021లో తేలింది.

డపాగ్లిఫ్లోజిన్, మూత్రపిండాలు వడపోసిన చక్కెరను, ఉప్పును తిరిగి రక్తంలోకి చేరనివ్వకుండా కొంత మూత్రంలో బయటికి పంపుతుంది. గుండెకు జరిగే మేలును ఆ ఒక్క కారణంతోనే వివరించలేం. మధుమేహం లేనివారిలో దీనివల్ల చక్కెర పడిపోవడం అరుదు.

ఒంట్లో నీరు చేరుతోందేమో తెలియడానికి, రోజూ ఉదయం మూత్రవిసర్జన తర్వాత, టిఫిన్‌కు ముందు బరువు చూసి రాసిపెట్టండి. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోందా, రాత్రి పడుకుంటే ఆయాసం వచ్చి అదనంగా ఇంకో దిండు కావాల్సి వస్తోందా గమనించండి. జననాంగాల దగ్గర దురద వస్తే మొహమాటపడకుండా చెప్పమనండి. వాంతులతో తిండి, నీళ్లు ఆగిపోయిన రోజు మాత్ర వేసే ముందు డాక్టరుకు ఫోను చేయండి.