శిక్షల లెక్కతో పాలనల అవినీతి తేలుతుందా?

అమెరికాలో ఏ అధ్యక్షుని హయాంలో అవినీతి ఎక్కువో, ఆయన యంత్రాంగంలో ఎందరికి శిక్ష పడిందన్న లెక్కను బట్టి తేల్చవచ్చా అని అడిగారు. తేల్చలేమన్నది నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఆ లెక్కలో ముందుగా కనిపించేది వెతికినవారి పట్టుదల. ఒక పార్టీ అధ్యక్షుల పేర్లకు ఎదురుగా పెద్ద అంకెలు, రెండో పార్టీవారికి ఎదురుగా సున్నాలు వేసి వాట్సాప్‌లో పంపే బంధువులు నాకూ ఉన్నారు. ఆ సున్నా ఎలా వచ్చిందని వారిలో ఒక్కరూ అడగరు.

నా ఉద్యోగమంతా ప్రభుత్వ లెక్కల ఆడిట్‌లోనే గడిచింది. ఒక ఇంజనీరింగ్ కార్యాలయంలో రోడ్డు పనుల ఎం.బుక్కులు, అంటే కొలతల పుస్తకాలు, తెప్పించి చూసినప్పుడు, వేర్వేరు తేదీల్లో, వేర్వేరు గ్రామాల్లో కొలిచినట్టు రాసిన కొలతలన్నీ ఒకే కలంతో, ఒకే ఒరవడిలో, ఒక్క కొట్టివేతైనా లేకుండా కనిపించాయి. ఎండలో రోడ్డు మీద నిలబడి రాసిన పుస్తకానికి చెమట మరకో దుమ్మో అంటకుండా ఉండదు గనుక అనుమానం వచ్చి, పని జరిగిన చోటికి వెళ్ళి పలుగుతో గుంట తవ్వించి టేపు పెట్టించాను. ఆరంగుళాలు ఉండవలసిన గ్రావెల్ మూడంగుళాలు కూడా లేదు. నివేదిక నిండా అభ్యంతరాలే కావడంతో ఆ అధికారికి జిల్లా అంతటా చెడ్డపేరు వచ్చింది. ఆయనకు ముందు పనిచేసిన అధికారి మాత్రం నిజాయితీపరుడిగా సన్మానం చేయించుకుని పదవీవిరమణ పొందారు. ఇద్దరి కాలంలోనూ కాంట్రాక్టర్లు వారే, పర్సంటేజీలూ అవే. ముందటి ఆడిటర్లు గెస్ట్‌హౌస్‌లో కూర్చుని వోచర్ల మొత్తాలు కూడి వెళ్ళిపోయారు, అంతే తేడా. ఇంత చేస్తే, నా అభ్యంతరాలు జవాబుల కోసం ఏళ్ళ తరబడి పెండింగులో పడి, చివరికి రికవరీ జరిగింది ఒక జూనియర్ అసిస్టెంటు ప్రయాణ భత్యంలో ఎక్కువగా తీసుకున్న సొమ్ము మాత్రమే.

పందొమ్మిదో శతాబ్దపు అధ్యక్షుడు గ్రాంట్ హయాం చూడండి. మద్యంపై పన్ను ఎగవేతకు డిస్టిలరీల యజమానులు, పన్ను అధికారులు కలిసి నడిపిన విస్కీ ముఠాపై 1875లో దాడులు చేయించినది గ్రాంట్ సొంత ఆర్థికమంత్రి బెంజమిన్ బ్రిస్టో. ఫలితంగా 110 మందికి శిక్ష పడి, గ్రాంట్ పాలన పేరు చరిత్రలో చెడింది; అధ్యక్షుని ఆంతరంగిక కార్యదర్శి బాబ్‌కాక్ దాకా దర్యాప్తును తీసుకెళ్ళిన బ్రిస్టో మరుసటి ఏడాదే పదవి వదులుకోవలసి వచ్చింది. ఆయన ఊరుకుని ఉంటే మన పట్టికలో గ్రాంట్‌కు ఎదురుగా ఎంత చిన్న అంకె ఉండేదో ఆలోచించండి.

అధ్యక్షుడు హార్డింగ్ హయాంలో మంత్రి ఆల్బర్ట్ ఫాల్, నౌకాదళానికి కేటాయించిన చమురు నిల్వలను 1922లో టెండర్లు లేకుండా లీజుకిచ్చారు. అందులో ఒకటి వయోమింగ్‌లోని టీపాట్ డోమ్, మరొకటి కాలిఫోర్నియాలోని ఎల్క్ హిల్స్. ఎల్క్ హిల్స్ లీజు పొందిన చమురు వ్యాపారి డోహెనీ అంతకుముందే తన కొడుకు చేతికి నల్లసంచిలో లక్ష డాలర్ల నగదు ఇచ్చి ఫాల్‌కు పంపారు. ఏళ్ళ తరబడి పన్ను బకాయి పడిన ఫాల్ పశుక్షేత్రానికి ఉన్నట్టుండి బకాయిలు తీరడం, హంగులు చేరడం సెనేటర్ వాల్ష్ విచారణకు ఊతమిచ్చాయి. ఆ లంచం తీసుకున్నందుకు 1929లో ఫాల్‌కు శిక్ష పడింది. అదే లంచం ఇచ్చిన కేసులో 1930లో డోహెనీ నిర్దోషిగా బయటపడ్డారు. పుచ్చుకున్నవాడున్నాడు, ఇచ్చినవాడు లేడు! పట్టికలో ఇది ఒకటిగానే లెక్కకు వస్తుంది.

ఇప్పటి సంగతి మరీ చిత్రం. 2025 జనవరిలో ట్రంప్ పదికి పైగా శాఖల్లో అక్రమాలపై నిఘా పెట్టే ఇన్‌స్పెక్టర్ జనరళ్ళను ఒక్కసారిగా తొలగించారు. ఆ శాఖల్లో రేపు కేసులు తగ్గితే అవినీతి తగ్గిందని ఎవరైనా చెప్పినా నేను నమ్మను. అంతకుముందు, బైడెన్ కాలంలోనే, ఇండియానాలోని పోర్టేజ్ నగర మేయరు చెత్త లారీల కొనుగోలు కాంట్రాక్టు ఒక కంపెనీకి దక్కిన తర్వాత దాని నుంచి 13,000 డాలర్లు తీసుకున్న కేసులో, పని జరిగాక ముట్టే కానుక ఆయనపై మోపిన ఫెడరల్ లంచాల చట్టం కిందికి రాదని 2024లో సుప్రీంకోర్టు 6-3తో తీర్పిచ్చింది. ఆ సూత్రమే మాకు వర్తించి ఉంటే నేను రాసిన అభ్యంతరాల్లో సగం నిలిచేవి కావు, ఎందుకంటే మా దగ్గర మామూళ్ళు చేతులు మారేది బిల్లు పాసయ్యాకే.