ఓడల నవల రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

1804లో మన విశాఖపట్నం రేవు ఎదుట జరిగిన నౌకాయుద్ధం మీద నవల రాస్తున్నావని మీ నాన్న చెప్పగానే నాకు ఎంతో గర్వంగా అనిపించింది. అందుకోసం ఉద్యోగం మానేస్తావన్న మాట విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉద్యోగం మానవద్దు. రోజూ కొంచెం రాయి. తీరపు పటం దగ్గర పెట్టుకో. వీటి గురించి ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

అసలు చెప్పవలసింది వేరే ఉంది. నా స్నేహితుడొకడు, పాపం ఇప్పుడు లేడు, పాత ఇంగ్లీషు ఓడల నవల ఒకదానిని పిల్లల కోసం తెలుగులో కుదించి రాశాడు. తెరచాపల తాళ్లు, గాలి దిక్కులు, మంచినీటి పీపాల లెక్కలు విసుగు పుట్టిస్తాయని అన్నిటినీ కొట్టివేసి, ఫిరంగులు పేలే ఘట్టాలు మాత్రమే ఉంచాడు. చదివిన కుర్రాడొకడు, "ఈ కొట్లాట గుర్రాల మీద జరిగినా ఇంతే కదండీ" అన్నాడు. వాడన్నది నిజం. గాలి వచ్చే వైపున ఉన్న ఓడదే పోరు ఎప్పుడు మొదలుపెట్టాలన్న నిర్ణయం. అవతలి ఓడ ఎదురుచూడవలసిందే. ఆ ఎదురుచూపు కోసమే మేము రాత్రిళ్లు మేలుకొని ఆ నవలలు చదివేవాళ్లం. 1801లో కాక్రేన్ అనే బ్రిటిష్ నౌకాదళపు కెప్టెన్ 14 చిన్న ఫిరంగులు, 54 మంది మనుషులతో 32 ఫిరంగుల స్పెయిన్ ఓడను పట్టుకున్నది ఒక్క ధైర్యంతోనే కాదు. తన ఓడ ఎంత పొట్టిదో ఎరిగినవాడు గనుక, శత్రువు గుండ్లు నెత్తిమీదుగా పోయేంత దగ్గరకు దాన్ని జొరబెట్టాడు. ఆ ఎత్తుల లెక్క తీసివేస్తే అది నమ్మశక్యం కాని గొప్పలుగా మిగులుతుంది. ఆ కాక్రేన్ కిందే 14వ ఏట నౌకాదళంలో చేరిన మారియట్ తరువాత నవలలు రాశాడు. ఆయన చేతిలో తాడు ముడి కూడా కథే. మా వాడు తీసివేసింది సరిగ్గా దానినే.

నీ కథకు గాలితో పాటు లోతు కూడా కావాలి. 50 ఫిరంగుల ఇంగ్లీషు యుద్ధనౌక సెంచూరియన్ రెండు సరుకు ఓడలకు కాపలాగా లంగరు వేసి ఉండగా, 74 ఫిరంగుల మరెంగోతో, ఫ్రిగేట్లనే చిన్న యుద్ధనౌకలు మరి రెండింటితో ఫ్రెంచి సేనాని లిన్వా వచ్చిపడ్డాడు. కెప్టెన్ ఒడ్డున ఉన్నాడు. ఓడలో ఆజ్ఞలివ్వవలసిన భారం ఫిలిప్స్ అనే లెఫ్టినెంటు మీద పడింది. అడిగి తెలుసుకోవడానికి పైవాడెవడూ అందుబాటులో లేని మనిషి తీసుకునే నిర్ణయమే ఈ నవలలకు ప్రాణం, అది నీకు చరిత్రే ఇచ్చింది. ఒక సరుకు ఓడ ఒడ్డుకెక్కి పగిలింది, మరొకటి శత్రువుకు చిక్కింది, సెంచూరియన్ మాత్రం దక్కింది. అలలు దాటించి సరుకు మోసిన మన పడవవాళ్లకు మాత్రం పేర్లు పెట్టు తల్లీ. నేను చదివిన ఇంగ్లీషు నవలల్లో వాళ్లు గుంపుగానే కనిపిస్తారు.

అనుభవం కోసమని అక్టోబరు, నవంబరు నెలల్లో పడవెక్కావో, నీతో మాట్లాడను. ఆ కాలంలో తలదాచుకునే చోటు ఉండదనే ఆనాటి తెరచాప ఓడలు అక్టోబరు మధ్యకల్లా ఈ తీరం విడిచిపోయేవి. పోర్టులో ఉద్యోగం చేసినవాణ్ణి, తుపాను జెండా ఎగరేశాక కూడా వెళ్లిన పడవల కోసం ఇళ్లవాళ్లు ఎలా ఏడుస్తారో చూశాను. జనవరిలో రా, నేనే తీసుకువెళతాను.

ఒడ్డున ఉండిపోయిన కెప్టెన్ తన ఓడ మీద గుండ్లు పడుతుండగా పడవలో వెళ్లి చేరుకున్న అధ్యాయం ముందు రాసి పంపు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, నా కళ్లద్దాల సంగతి నీకు తెలుసు.

మీ పెదనాన్న