దేవాదాయ శాఖ అధికారం ఎంతవరకు?

ప్రశ్న: మనది లౌకిక రాజ్యమైనప్పుడు గుళ్లకు ప్రభుత్వం ఈవోలను ఎలా నియమిస్తోంది? అహోబిలం విషయంలో అది చెల్లదని హైకోర్టు చెప్పింది కదా. ఆ తీర్పు మా ఊరి శివాలయానికి వర్తించదా?
– ఒక పాఠకుడు, ఆళ్లగడ్డ

జవాబు: మన రాజ్యాంగం ప్రభుత్వాన్ని మతానికి పూర్తిగా దూరంగా ఉంచలేదు. 25వ అధికరణం మతస్వేచ్ఛను ఇస్తూనే, మతాచారంతో ముడిపడిన ఆర్థిక, లౌకిక వ్యవహారాలను నియంత్రించే చట్టాలు చేయడానికి వీలు కల్పించింది. 26వ అధికరణం మతశాఖలు తమ మత విషయాలను తామే చూసుకోవచ్చని చెప్పి, వాటి ఆస్తుల నిర్వహణను మాత్రం చట్టానికి లోబడి ఉంచింది. అందువల్ల హుండీ లెక్కింపు, మాన్యం భూముల కౌలు, దుకాణాల అద్దె ప్రభుత్వ పర్యవేక్షణలోకి రావచ్చు. స్వామికి ఏ వేళ నైవేద్యం పెట్టాలన్నది మతానికి సంబంధించినదని, అందుకు డబ్బు ఖర్చవుతున్నంత మాత్రాన అది లౌకిక వ్యవహారం కాబోదని ఉడుపి శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు 1954లోనే తేల్చింది.

చిక్కల్లా అర్చకుల దగ్గర వచ్చింది. జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ నివేదిక తరువాత వచ్చిన 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది. పూజ మతానికి సంబంధించినదే అయినా, పూజారిని నియమించడం లౌకికమని 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. తరతరాలుగా ఆగమాన్ని ఇంట్లోనే నేర్చుకొని, మాన్యం మీదనే బతికిన కుటుంబాలకు ఆ విభజన ఎంత కష్టం తెచ్చిందో పల్లెల్లో గుడి తలుపు తీసేవారు లేక దీపం ఆరిన చోట్ల చూడవచ్చు. దానిని కొంతవరకైనా సరిదిద్దింది కోర్టు కాదు, చట్టసభ: 2007 సవరణతో అర్చక కుటుంబాలకు కొన్ని హక్కులు తిరిగి వచ్చాయి. చట్టం చెల్లుతుందని కోర్టు చెప్పినంత మాత్రాన అది మంచి చట్టమని అర్థం కాదు. దాని మంచిచెడ్డలు చూడవలసిన బాధ్యత శాసనసభ్యులదే.

ఇక అహోబిలం సంగతి. ఆ ఆలయం అహోబిల మఠంలో అంతర్భాగమని, దానికి ఈవోను నియమించే అధికారం ప్రభుత్వానికి లేదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2022లో తీర్పు ఇచ్చింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. మీ శివాలయం ఏ మఠానికీ చెందనిదైతే ఈ తీర్పు దానంతట అదే వర్తించదు. అయితే 2014లో చిదంబరం నటరాజ ఆలయం కేసులో, అవకతవకలను సరిచేయడానికి ప్రభుత్వం నిర్వహణను చేపట్టినా, అవి సరి అయిన వెంటనే తిరిగి అప్పగించాలని సుప్రీంకోర్టు చెప్పింది. అది ఆ గుడి అర్చకులైన దీక్షితుల హక్కుల సందర్భంలో చెప్పిన మాటే అయినా, అన్ని గుళ్లకూ వర్తించేలా గడువు పెట్టి చట్టం చేయాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ప్రశ్న: గుడిలో ఆగమ విరుద్ధంగా పూజలు జరుగుతుంటే నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఫలితం ఉండదు. తిరుమల పూజావిధానాలపై వచ్చిన ఇలాంటి పిటిషన్‌ విషయంలోనే 2021లో, కొబ్బరికాయ ఎలా కొట్టాలో, హారతి ఎలా ఇవ్వాలో రాజ్యాంగ న్యాయస్థానాలు నిర్ణయించలేవని సుప్రీంకోర్టు చెప్పింది. ముందు ఆలయ అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, వారి జవాబు తృప్తికరంగా లేకపోతే సాక్ష్యాలను విచారించగల తగిన న్యాయస్థానానికి వెళ్లండి.