పాలిపోయిన మచ్చ: పసరా, ఆస్పత్రా?

మీ మామ ముంజేతి మీద పాలిపోయిన మచ్చ వచ్చిందని, ఊళ్లో 'పాపఫలం, పసరు పూయండి' అంటున్నారని, అది కుష్ఠేనా అని అడిగారు.

చూడకుండా చెప్పలేం. ఆయన్ని కళ్లు మూసుకోమని, దూది కొసతో మచ్చను తాకండి. ఎక్కడ తాకారో చెప్పలేకపోతే అనుమానించాల్సిందే. బొల్లి మచ్చ పాలలా తెల్లగా ఉంటుంది, స్పర్శ పోదు. కుష్ఠు మచ్చ సాధారణంగా నొప్పి పెట్టదు, దురదా ఉండదు. చిక్కంతా అక్కడే! మా అనంతపురం పల్లెల్లో మొదట పసరు, తర్వాత మొక్కు. వేడి గిన్నె పట్టుకుని వేళ్లు బొబ్బలెక్కినా తెలియనప్పుడు గానీ ఆస్పత్రి గుర్తుకు రాదు. అప్పటికి నరం దెబ్బతిని ఉంటుంది.

కారణం పాపం కాదు, 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనిపెట్టిన బ్యాక్టీరియా. ప్రభుత్వ ఆస్పత్రిలో మందులు ఉచితం. మచ్చలు ఐదు వరకైతే సాధారణంగా 6 నెలలు, ఎక్కువైతే 12 నెలలు వాడాలి. మూత్రం ఎర్రగా వస్తే టెన్షన్ పడి మానేయొద్దు, అది ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ రంగు. మందు మొదలైన కొద్ది రోజులకే ఇతరులకు అంటడం ఆగిపోతుంది. ఆయనకు తట్ట, చెంబు వేరు పెట్టాల్సిన పని లేదు.